తాగి నడిపిన తొలి కేసు: శిక్ష ఆరు నెలలు, రికార్డు ఎన్నాళ్లు?

జంషెడ్‌పూర్: మద్యం సేవించి వాహనం నడుపుతూ తొలిసారి పట్టుబడిన వ్యక్తికి మోటారు వాహనాల చట్టం విధించగల గరిష్ఠ కారాగార శిక్ష ఆరు నెలలు. జరిమానా పదివేల రూపాయలు. ఈ రెండింటిలో ఏదో ఒకటి కాని, రెండూ కాని పడవచ్చు. వీటితోపాటు కనీసం ఆరు నెలలపాటు లైసెన్సుకు అనర్హుడిగా ప్రకటించాలని కోర్టును చట్టం ఆదేశిస్తోంది. ఈ మూడింటికీ ఒక గడువు ఉంది. నేరం రుజువైందన్న నమోదుకు మాత్రం గడువు లేదు. ఆ నమోదును కొంతకాలం తరువాత ప్రజల కంటికి కనబడకుండా మూసివేసే ఏర్పాటు అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లోను, బ్రిటన్‌లోను ఏదో ఒక రూపంలో ఉంది. మన దేశంలో లేదని సాధారణంగా అనుకుంటారు. ఆ అభిప్రాయం పూర్తిగా నిజం కాదు. మన చట్టంలోనూ అటువంటి ఏర్పాటు ఒకటి ఉంది. అయితే 2019 సవరణలు దానిలో కొంత భాగాన్ని తొలగించగా, మిగిలిన భాగాన్ని కంప్యూటరు రికార్డులు నిరర్థకం చేస్తున్నాయి.

జార్ఖండ్‌లోని ఈ ఉక్కునగరంలో ఈ విషయానికి మిగతా పట్టణాలకన్నా ఎక్కువ ప్రాధాన్యం ఉంది. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ స్థాపనతో పునాది పడి, 1919లో జంషెడ్‌పూర్‌గా నామకరణం పొందిన ఈ పట్టణంలో 1954 నుంచి లారీలు తయారవుతున్నాయి. కర్మాగారాలకు వచ్చే సరకు, వాటి నుంచి వెళ్లే సరకు చాలావరకు భారీ వాహనాలపైనే సాగుతుంది. లైసెన్సు తప్ప వేరే జీవనాధారం లేని డ్రైవర్లు ఇక్కడ వేలల్లో ఉంటారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి తాతల కాలంలో పనులకు వలస వచ్చి, కదమా, బిష్టుపూర్, గోల్మురి వంటి ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల యువకులు ఇప్పుడు ప్రభుత్వ ఉద్యోగాలకు, విదేశీ వీసాలకు దరఖాస్తులు పెట్టుకుంటున్నారు. వీరందరికీ ఏదో ఒకరోజు ఒకే ప్రశ్న ఎదురవుతుంది: మీపై ఎప్పుడైనా నేరం రుజువైందా?

"ఫైన్ కట్టి వచ్చాను"

చట్టంలోని 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉన్నట్లు శ్వాస పరీక్షలోగాని, ఇతర పరీక్షలోగాని తేలితే అది నేరం. హెల్మెట్ లేకపోవడం, సిగ్నల్ దాటడం వంటి ఉల్లంఘనలను అధికారి వద్దనే రుసుము చెల్లించి రాజీ చేసుకునేందుకు 200వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. ఆ జాబితాలో 185వ సెక్షన్ లేదు. అందువల్ల ఈ కేసు తప్పనిసరిగా మేజిస్ట్రేటు ముందుకు వెళ్లవలసిందే. రాష్ట్రాలు తమ ఇష్టానుసారం జరిమానా తగ్గించుకునే వెసులుబాటు కూడా రాజీకి వీలున్న నేరాలకే పరిమితం. 2019లో కొత్త జరిమానాలు వచ్చినప్పుడు కొన్ని రాష్ట్రాలు కోత విధించినా ఈ సెక్షన్ జోలికి పోలేకపోవడానికి కారణం ఇదే.

కోర్టులో ఏమి జరుగుతుందన్నది చాలామందికి తెలియని సంగతి. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత, ఓపిక లేనివారు నేరం ఒప్పుకుని, జరిమానా చెల్లించి బయటపడతారు. ఇంటికి వెళ్లి "ఫైన్ కట్టి వచ్చాను" అని చెబుతారు. ఆ రోజు తమపై ఒక క్రిమినల్ కేసులో నేరం రుజువైందన్న స్పృహ వారికి ఉండదు. నేరం ఒప్పుకున్నవారికి శిక్ష పరిమాణంపైన, దాని చట్టబద్ధతపైన తప్ప సాధారణంగా అప్పీలుకు అవకాశం ఉండదు. సైలెన్సర్ మోతకు చెల్లించిన జరిమానాకు, దీనికి ఉన్న తేడా ఏళ్ల తరువాత ఏ ఉద్యోగపు దరఖాస్తు నింపుతున్నప్పుడో తెలుస్తుంది.

ఈ నేర నిర్ధారణ వల్ల ఏమి పోతుంది, ఏమి పోదు అన్న విషయంలోనూ అపోహలు తక్కువేమీ కావు. పాస్‌పోర్టు రాదని తరచు భయపెడుతుంటారు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం నేర నిర్ధారణ కారణంగా దరఖాస్తును తిరస్కరించాలంటే అది నైతిక పతనంతో కూడిన నేరమై ఉండాలి. గత ఐదేళ్లలో కనీసం రెండేళ్ల జైలుశిక్ష పడి ఉండాలి. ఆరు నెలలకు మించని తొలి నేరం ఆ పరిధిలోకి రాదు. చట్టసభలకు పోటీ చేయడానికి సైతం ఇది అడ్డంకి కాదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలో సాధారణ నేరాలకు అనర్హత రెండేళ్ల శిక్షతోనే మొదలవుతుంది. అంటే తాగి స్కూటరు నడిపిన వ్యక్తి శాసనసభ్యుడు కావడానికి చట్టంరీత్యా అభ్యంతరం లేదు. అతడే గుమాస్తా ఉద్యోగానికి ఎంపికైతే మాత్రం చిక్కు వస్తుంది. కేంద్ర ప్రభుత్వోద్యోగులు నింపవలసిన ధ్రువీకరణ పత్రంలో అరెస్టు, ప్రాసిక్యూషన్, నేర నిర్ధారణతోపాటు ఎప్పుడైనా కోర్టు జరిమానా విధించిందా అన్న ప్రశ్న కూడా ఉంటుంది. అవునంటే ఒక ఇబ్బంది. కాదని రాస్తే వాస్తవాన్ని దాచారన్న అంతకన్నా పెద్ద ఇబ్బంది.

ఐదు రూపాయల సెక్షన్

చట్టంలో అంతగా చర్చకు రాని 25వ సెక్షన్ ఇక్కడ గమనార్హం. అనర్హత ఉత్తర్వును, అందుకు కారణమైన నేర నిర్ధారణను లైసెన్సుపైనే నమోదు చేయాలని 24వ సెక్షన్ చెబుతుంది. ఆ నమోదు కొత్త లైసెన్సు తీసుకున్నా, నకలు తీసుకున్నా వెంటే వస్తుంది. అయితే చివరి నమోదు తరువాత వరుసగా మూడేళ్లపాటు మరే నమోదు లేనట్లయితే, పాత లైసెన్సు అప్పగించి, ఐదు రూపాయల రుసుము చెల్లించి, ఏ నమోదూ లేని కొత్త లైసెన్సు పొందే హక్కు 25వ సెక్షన్ కల్పిస్తోంది. ఆ మూడేళ్ల లెక్కలో అనర్హతలో గడిపిన కాలాన్ని మినహాయిస్తారు. అంటే శిక్ష అనుభవించిన కాలం సత్ప్రవర్తన కింద చెల్లదు. స్టీరింగు చేతిలో ఉండగా సక్రమంగా నడిపిన కాలమే చెల్లుతుంది. చక్కని తర్కమే.

1988లో ఈ చట్టం చేసినవారి ఆలోచన ఒక్క 25వ సెక్షన్‌లోనే కాదు, 185వ సెక్షన్‌లోనూ కనబడుతుంది. అప్పట్లో తొలి నేరానికి ఆరు నెలల వరకు జైలు లేదా రెండువేల రూపాయల వరకు జరిమానా. మునుపటి నేరం జరిగిన మూడేళ్లలోగా మళ్లీ పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు లేదా మూడువేల వరకు జరిమానా. మూడేళ్లు దాటిన తరువాత చేసిన నేరానికి రెండో నేరపు హెచ్చు శిక్ష వర్తించేది కాదు. లైసెన్సుకూ మూడేళ్లే, శిక్షకూ మూడేళ్లే. ఆ గడువు ముగిశాక పాత నేరాన్ని లెక్కలోకి తీసుకోరాదన్నదే ఆనాటి శాసనకర్తల ఉద్దేశమన్నది స్పష్టం.

2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణలలో జరిమానా పెంపు పతాక శీర్షికలకు ఎక్కింది. "మూడేళ్లలోగా" అన్న షరతును 185వ సెక్షన్ నుంచి తొలగించిన సంగతి మాత్రం పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు. ఇప్పుడు రెండో నేరం ఎన్నేళ్ల తరువాత జరిగినా అది రెండో నేరమే. శిక్ష రెండేళ్ల వరకు జైలు లేదా 15 వేల రూపాయల జరిమానా లేదా రెండూ. ఇరవై రెండేళ్ల వయసులో ఒకసారి, నలభై ఐదేళ్ల వయసులో మరోసారి పట్టుబడిన వ్యక్తి, నెల వ్యవధిలో రెండుసార్లు పట్టుబడిన వ్యక్తి చట్టం దృష్టిలో ఒక్కటే అయ్యారు. ఆ షరతు తొలగించడం వల్ల, తొలి రికార్డును జీవితాంతం భద్రపరచవలసిన అవసరం ప్రభుత్వానికి కొత్తగా ఏర్పడింది.

అదే సవరణ 25వ సెక్షన్ పక్కనే 25-ఏ అనే కొత్త సెక్షన్‌ను చేర్చింది. దేశంలోని లైసెన్సులన్నిటికీ ఒకే జాతీయ రిజిస్టరు ఏర్పాటు చేయాలన్నది దాని సారాంశం. మూడేళ్ల తరువాత శుభ్రమైన కార్డు ఇవ్వాలని ఒక సెక్షన్ చెబుతుండగా, దేశమంతటి వివరాలను ఒకచోట పోగుచేయాలని పక్క సెక్షన్ చెబుతోంది. కార్డుపై మచ్చ పోయినా రిజిస్టరులో ఉంటుందా అన్నదానికి ఈ రెండు సెక్షన్లలో సమాధానం కనబడదు. కాగితపు లైసెన్సుపై సిరాతో రాసే రోజుల్లో ఆ సందేహానికి తావే లేదు.

అయితే సవరణ తెచ్చినవారు తొలి నేరస్థునికి, అలవాటుపడినవారికి మధ్య తేడాను పూర్తిగా చెరిపివేశారనడం న్యాయం కాదు. తాగి నడిపినవారి లైసెన్సును పోలీసులు స్వాధీనం చేసుకుని రవాణా అధికారికి పంపితే, తొలి నేరానికి మూడు నెలల అనర్హత, రెండో నేరానికి లైసెన్సు రద్దు అని 19వ సెక్షన్‌లో చేర్చారు. రద్దు అయినవారి పేర్లను బహిరంగంగా ప్రకటించవచ్చని కూడా అక్కడే ఉంది. ప్రకటించవచ్చన్నది రద్దు అయినవారి విషయంలోనే. తొలిసారి పట్టుబడినవారి పేర్లు ప్రకటించే అధికారం ఆ సెక్షన్ ఇవ్వలేదు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు తాగి నడిపి పట్టుబడిన ఉద్యోగుల సంగతి వారి యాజమాన్యాలకు లేఖలద్వారా తెలియజేస్తామని పలు సందర్భాల్లో ప్రకటించినప్పుడు ఈ తేడాను ఎవరూ ప్రస్తావించినట్లు లేదు.

ప్రొబేషన్ దారి

మరో దారి 1958 నాటి ప్రొబేషన్ చట్టం. రెండేళ్లకు మించని శిక్ష గల నేరంలో, పూర్వపు నేర నిర్ధారణ ఏదీ లేని వ్యక్తిని మందలించి విడిచిపెట్టే అధికారం ఆ చట్టంలోని 3వ సెక్షన్ కోర్టుకు ఇస్తోంది. అలా విడుదలైనవారికి నేర నిర్ధారణతో ముడిపడిన అనర్హతలు వర్తించవని 12వ సెక్షన్ చెబుతుంది. తాగి నడిపిన తొలి నేరం ఈ కొలతలకు సరిపోతుంది. జరిమానా కట్టి అరగంటలో వెళ్లిపోవాలనుకునేవాడు ఈ దరఖాస్తు పెట్టుకోడు. పెట్టుకోవచ్చని అతడికి చెప్పేవారూ ఉండరు.

పెట్టుకున్నా పూర్తి రక్షణ లేదు. ప్రొబేషన్ లభించినంత మాత్రాన నేర నిర్ధారణ తుడిచిపెట్టుకుపోదని, దానికి దారితీసిన ప్రవర్తనపై శాఖాపరమైన చర్య తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1990లో స్పష్టం చేసింది. చిన్న నేరాల విషయంలో వాస్తవాన్ని దాచిన అభ్యర్థిని సైతం యాజమాన్యం విచక్షణతో మన్నించవచ్చని 2016 జులైలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే నిజం చెప్పినవారిని సైతం నియమించి తీరాలని యాజమాన్యాన్ని బలవంతపెట్టలేమని ఆ తీర్పే పేర్కొంది. మన్నించడం వారి దయ. అభ్యర్థి హక్కు కాదు.

డ్రైవర్ల విషయంలో 2022 జనవరిలో వెలువడిన మరో తీర్పు పేర్కొనదగినది. ఉత్తరప్రదేశ్ సాయుధ పోలీసు దళానికి చెందిన డ్రైవరు ఒకరు మత్తులో లారీ నడిపి జీపును ఢీకొన్నారు. ప్రాణనష్టం జరగలేదన్నది అదృష్టమే తప్ప సానుభూతికి కారణం కాదని కోర్టు భావించింది. అయినప్పటికీ పాతికేళ్ల సర్వీసును దృష్టిలో ఉంచుకుని ఉద్యోగం నుంచి తొలగింపును నిర్బంధ పదవీ విరమణగా మార్చింది. తప్పును తప్పుగానే చూస్తూ, దాని ఫలితం జీవితమంతటినీ మింగకుండా అడ్డుకోవడం న్యాయస్థానాలకు కొత్త కాదనడానికి ఇది నిదర్శనం.

బాలల విషయంలో శాసనం ఇంకా ముందుకు వెళ్లింది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, పదహారేళ్లు దాటి అత్యంత తీవ్రమైన నేరాలకు పాల్పడినవారి సంగతి మినహాయిస్తే, అప్పీలు గడువు తీరాక రికార్డును ధ్వంసం చేయాలి. పదిహేడేళ్లు నిండి పద్దెనిమిదికి చేరువలో ఉన్నవాడు తాగి బండి నడిపితే రికార్డు మాయమవుతుంది. పద్దెనిమిదో పుట్టినరోజు విందు ముగించుకుని బయలుదేరినవాడిది మాత్రం శాశ్వతం.

అందరికీ తెరిచి ఉన్న పుస్తకం

పాతరోజుల్లో నేర నిర్ధారణ మేజిస్ట్రేటు కోర్టు రిజిస్టరులో, పోలీసు స్టేషన్ అల్మరాలో ఉండేది. దానిని వెతకాలంటే పని గట్టుకుని వెళ్లాలి. 2007లో మొదలైన ఈ-కోర్టుల పథకం ఈ పరిస్థితిని మార్చివేసింది. మూడో దశకు 2023 సెప్టెంబరులో కేంద్రం 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కక్షిదారులకు దీనివల్ల కలిగిన మేలు అపారం. వాయిదా తేదీ కోసం కోర్టు చుట్టూ తిరిగే బాధ తప్పింది. అదే సమయంలో జిల్లా కోర్టుల కేసులను పేరుతో వెతికే సౌకర్యం అందరికీ వచ్చింది. పెళ్లి సంబంధం చూసేవారు, ఇల్లు అద్దెకిచ్చేవారు, ఉద్యోగుల పూర్వాపరాలు విచారించే సంస్థలు ఇంటి నుంచే వెతకగలుగుతున్నారు. ఒకే పేరు గల వేరొకరి కేసు నెత్తిన పడే ప్రమాదమూ ఇందులో లేకపోలేదు.

"మరపునకు వచ్చే హక్కు" గురించి న్యాయస్థానాల్లో చర్చ సాగుతూనే ఉంది. గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టులో ప్రకటించిన తరువాత ఈ వాదనకు బలం చేకూరింది. అయితే వివాదమంతా నిర్దోషులుగా బయటపడినవారి చుట్టూనే తిరుగుతోంది. నిర్దోషిగా విడుదలైన ఒక వ్యక్తి తన పేరును తీర్పు నుంచి తొలగించాలని కోరితే మద్రాసు హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 2021లో నిరాకరించింది. 2024 ఫిబ్రవరిలో ద్విసభ్య ధర్మాసనం అంగీకరించింది. ఆ ఉత్తర్వును సుప్రీంకోర్టు అదే ఏడాది జులైలో నిలిపివేసింది. నిర్దోషికే దారి ఇంత కష్టమైనప్పుడు నేరం ఒప్పుకున్నవాడికి ఏ దారీ కనబడదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టంలో సమాచారం తొలగించమని కోరే హక్కు ఉన్నా, న్యాయవిధుల నిర్వహణకు కోర్టులు వినియోగించే సమాచారానికి మినహాయింపు ఉంది.

విదేశాల్లో రెండు గడియారాలు

అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం తాగి నడిపిన తొలి నేరాన్ని బహిరంగ రికార్డు నుంచి తొలగించుకునే అవకాశాన్ని 2022 ఫిబ్రవరి నుంచి కల్పిస్తోంది. ఐదేళ్లు వేచి ఉండాలి, జీవితంలో ఒక్కసారే, మరణం లేదా తీవ్రగాయం సంభవించిన కేసులకు వర్తించదు, మారినట్లు న్యాయమూర్తికి నమ్మకం కలగాలి. కోర్టు రికార్డు మూసినా రవాణా శాఖ వద్ద ఉండే డ్రైవింగ్ చరిత్ర మాత్రం అలాగే ఉంటుంది. నార్త్ కరోలినా వంటి రాష్ట్రాలు ఈ నేరానికి అటువంటి సౌకర్యం ఇవ్వడం లేదు.

బ్రిటన్ 1974లోనే నేరస్థుల పునరావాస చట్టం చేసింది. తాగి నడిపిన నేరంలో లైసెన్సుపై పడిన నమోదు ఐదేళ్లకు "కాలం తీరినది" అవుతుంది. ఆ తరువాత మామూలు ఉద్యోగాలకు దరఖాస్తు చేసేటప్పుడు చెప్పనవసరం లేదు. కాని లైసెన్సు రికార్డులో అది 11 ఏళ్లు ఉంటుంది. పదేళ్లలోపు మళ్లీ అదే నేరం చేస్తే కనీసం మూడేళ్ల అనర్హత. ఇరుగుపొరుగులకు ఒక గడియారం, న్యాయమూర్తికి మరొక గడియారం.

ఈ విషయంలో తెలుగువారు ప్రత్యేకంగా గుర్తించవలసినది ఒకటుంది. అమెరికా రాష్ట్ర కోర్టు రికార్డును మూసివేసినా, వలస చట్టం ఆ నేర నిర్ధారణను లెక్కలోకి తీసుకుంటూనే ఉంటుంది. అంతేకాదు, గత ఐదేళ్లలో తాగి నడిపి అరెస్టయినట్లు తెలిస్తే, నేరం రుజువు కాకున్నా వీసా రద్దు చేయవచ్చని 2015 నవంబరులో ఆ దేశ విదేశాంగ శాఖ తన కార్యాలయాలకు సూచించింది. కెనడా 2018 డిసెంబరు నుంచి దీనిని తీవ్ర నేరాల కోవలో చేర్చింది.

మరో పక్షం

రికార్డు మూసివేతను వ్యతిరేకించేవారి వాదన తేలికగా తోసిపుచ్చదగింది కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. మద్యం, మాదకద్రవ్యాల కింద నమోదైనవి 10,080 ప్రమాదాలు; మృతులు 4,201. ప్రమాదం జరిగిన వెంటనే పరీక్ష జరగని కేసుల సంగతి ఊహించుకుంటే అసలు సంఖ్య ఇంతకన్నా ఎక్కువే ఉంటుందనక తప్పదు. పైగా తొలిసారి పట్టుబడడం వేరు, తొలిసారి తాగి నడపడం వేరు. బడి బస్సుకు, ఆయిల్ ట్యాంకరుకు డ్రైవరును పెట్టుకునే యజమానికి గతం తెలుసుకునే హక్కు లేదనడం సాహసమే. 2024 మే నెలలో పుణెలో మైనరు నడిపిన కారు ఇద్దరు యువ ఇంజనీర్లను బలిగొన్నప్పుడు, వ్యాసం రాయమన్న షరతుతో బెయిలు ఇవ్వడంపై దేశమంతా భగ్గుమన్న సంగతి తెలిసిందే. అయితే ప్రాణనష్టం జరిగిన కేసులు 185వ సెక్షన్‌తో ఆగవు. వాటికి వేరే సెక్షన్లు, వేరే శిక్షలు ఉన్నాయి. ఎవరికీ గాయం కాని, తనిఖీలో పట్టుబడిన తొలి కేసుకే ప్రస్తుత చర్చ పరిమితం కావాలి.

ఆ పరిధిలో చూస్తే, రికార్డును చెరిపివేయనవసరం లేదు; ఎవరు చూడవచ్చన్నది నిర్ణయిస్తే చాలు. రెండోసారి పట్టుబడితే మేజిస్ట్రేటుకు, లైసెన్సు ఇచ్చే అధికారికి, ప్రయాణికులను లేదా ప్రమాదకర సరకును చేరవేసే ఉద్యోగమిచ్చే యజమానికి అది కనబడాలి. గుమాస్తా ఉద్యోగం ఇచ్చేవారికి, ఇల్లు అద్దెకిచ్చేవారికి మూడేళ్ల తరువాత కనబడనవసరం లేదు. 25వ సెక్షన్‌లోని మూడేళ్ల సూత్రాన్నే కోర్టు రికార్డులకు వర్తింపజేస్తే కొత్త సిద్ధాంతమేదీ అక్కరలేదు. 2024 జులై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత, తాగి బహిరంగ స్థలంలో అల్లరి చేసినవారికి జైలు బదులు సమాజసేవ విధించేందుకు అవకాశమిచ్చింది. ఆ ఉదారత ఈ చట్టం దాకా రాలేదు.

అధికారం ఎవరి చేతిలో ఉందన్నది చివరి ప్రశ్న. మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలోని అంశం. కేంద్రం 185వ సెక్షన్‌లో మూడేళ్ల షరతును పునరుద్ధరించవచ్చు. జార్ఖండ్ శాసనసభ కూడా రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్ర పరిధిలో సవరణ తేవచ్చు. కోర్టు వెబ్‌సైట్లలో పేర్ల ప్రదర్శన సంగతికి మాత్రం శాసనసభ వరకు వెళ్లనవసరం లేదు. దిగువ కోర్టుల రికార్డుల నిర్వహణకు నిబంధనలు రూపొందించే అధికారం రాజ్యాంగం 227వ అధికరణం కింద హైకోర్టులకు ఉంది. జంషెడ్‌పూర్ కోర్టుల విషయంలో ఆ అధికారం రాంచీలోని జార్ఖండ్ హైకోర్టుది. తెలుగువారి విషయంలో అమరావతి, హైదరాబాద్ హైకోర్టులది.